గాజు పోగుకు వేసిన ముడి

ముందుగా, నాకు ఖాయంగా తెలిసినవాటిని విన్నవాటి నుంచి వేరు చేస్తాను. నారాయణపేటలోని మా ఇంట్లో, మగ్గం ఉన్న గదిలోనే కూర్చుని నేను పదకొండు నెలలు ఆఫీసు పని చేశాను. ఇది ఖాయం. అందులో దాదాపు రెండు నెలలు ఇంటర్నెట్ పగటిపూట రోజూ తెగిపోయేది. ఇదీ ఖాయమే, సమయం వేసి రాసుకున్న నోటుబుక్కు ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇక విన్నవి: మగ్గం చప్పుడుకే నెట్ ఆగిపోతున్నదని మా అమ్మ అన్నది. ఎదురింటి వాళ్ళు కొత్తగా పెట్టించుకున్న డిష్ వల్లనేనని పక్కింటి అత్త అన్నది. వీధిలో కోతులు తీగ కొరికాయని కనెక్షన్ ఇచ్చినాయన అన్నాడు. ఆ కోతులను చూసినవారు మాత్రం లేరు. వీటిలో ఒక మాట సగం నిజమని తేలింది. ఏ సగమో తేల్చడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నేను పాలమూరులో భౌతికశాస్త్రం చదివి, హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా చేరాను. ప్రోగ్రాం సరిగా పని చేస్తున్నదని రాసినవారు చెబితే, ఆ మాటను నమ్మకుండా పరీక్షించి చూడడమే టెస్టర్ ఉద్యోగం. తప్పు కంటపడగానే దాని మీద చేయి వేయకూడదు. మొదట తెరను ఫొటో తీయాలి, ఏ పరిస్థితుల్లో తప్పు వచ్చిందో రాసుకోవాలి, మళ్ళీ రప్పించి చూపాలి, ఆ తరువాతే సరిచేయించాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఈ నియమం నేర్పేది నేనే. ఈ సంగతి మున్ముందు అవసరమవుతుంది.

కరోనా వచ్చినప్పుడు కంపెనీ అందరినీ ఇళ్ళ నుంచే పని చేయమన్నది. కిరాయి గది ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాను. మాది రెండు గదుల ఇల్లు. లోపలిది వంటకూ పడకకూ సరిపోతుంది. ముందు గదిలో సగం నాయినది: నేలలో తీసిన గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసే గుంత మగ్గం. మిగతా సగంలో, కిటికీ పక్కన నా బల్ల వేసుకున్నాను. నేను ఫోనులో మాట్లాడేటప్పుడు ఆయన నేత ఆపేవాడు. మాట ముగిసిందని చేయి ఊపగానే మొదలుపెట్టేవాడు. మొదట్లో ఇద్దరికీ ఏ ఇబ్బందీ కలగలేదు.

నెట్ పోవడం మొదలైన రోజు జరిగిన మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

"నాయినా, నెట్ తెగింది" అన్నాను.

పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె ఆయన చేతిలోనే ఆగింది. "ఏడ తెగింది? సూపెట్టు, అతుకుత."

"చేత్తోని అతికేది కాదు నాయినా."

"మరి తెగిందంటివి గద. తెగిందంటే అతుకుడే గద!"

పోగు తెగితే పని ఆపి అతుకుతారు. మా ఇంట్లో ఆ క్రియకు వేరే అర్థం లేదు. నేను దాన్ని పోలికగా వాడాను. ఆయన పోలికగా వినలేదు.

మా మేనేజరు కోస్తా వైపు మనిషి, సరదాగా మాట్లాడతాడు. ఒకరోజు ఆన్‌లైన్ మీటింగులో నేను వింటూ కూర్చుంటే, నాయిన నేస్తుండగా మూడోసారి తెగి మళ్ళీ చేరాను. "ఏమండీ, మీ ఊళ్ళో నెట్ కూడా మగ్గం మీదే నేస్తారా? అర గజం రాగానే ఆగిపోతోంది!" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సాయంత్రం విడిగా ఫోను చేశాడు. అప్పుడు నవ్వలేదు. "సోమవారం పదింటికి క్లయింటుకి మీరే చూపించాలి. అప్పుడు కూడా పోయిందంటే నా చేతుల్లో ఉండదండీ, బెంచ్ మీద పెట్టమంటారు."

బెంచ్ అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా కూర్చోబెట్టడం. ఆ రోజుల్లో అలా కూర్చున్నవాళ్ళలో ఇద్దరిని రాజీనామా చేయమన్నారని ఆ ఇద్దరే నాతో చెప్పారు. ఇంకా చాలా మందిని అన్నారని విన్నాను, ఎంతమందినో తెలియదు.

ఈ విషయం ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండవలసింది. అమ్మ నా మాట పూర్తికాకముందే నిర్ణయానికి వచ్చింది.

"సోమారం లోపట మగ్గం ఇప్పేద్దాం."

"నెట్ పోతే మగ్గం ఇప్పుతవ్. కరెంటు పోతే ఇల్లు ఇప్పుతవా?" అన్నాడు నాయిన.

"పరాశికాలు బంజెయ్. నీకు మగ్గం పెద్దదా, బిడ్డ నౌకరి పెద్దదా?"

ఆయన మగ్గం మీద సగం దిగిన చీర వైపు చూస్తూ, "గీ చీర దిగనియ్యి, ఇప్పుత. సగంల కోసుడు నాతోని కాదు" అన్నాడు.

గుంత మగ్గం విప్పడమంటే బల్లను పక్కకు జరపడం కాదు. విప్పిన తరువాత గుంత పూడ్చి బండలు పరుస్తారు. మా వీధిలో రెండిళ్ళలో అలా పరిచారు. ఆ బండలను మళ్ళీ లేపి మగ్గం నిలబెట్టడం నేను చూడలేదు. నాయినకు అరవై దాటాయి. ఆయన ఒప్పుకున్నది ఒక చీరను ముగించడానికి కాదు, నేత మానడానికి.

"రుజువు లేకుండ ఇప్పొద్దమ్మా" అన్నాను.

"గింకేం రుజువు గావాలె? మీ నాయిన కూసుంటే పోతాంది, లేస్తే వస్తాంది. ఎమ్మెస్సీ సదివినవ్ గని నీకు కండ్లు లెవ్వు."

కళ్ళు లేవన్నందుకే నోటుబుక్కు తీశాను. శుక్రవారం, శనివారం మగ్గం ఆడిన సమయాలు ఒక వరుసలో, నెట్ పెట్టె మీద, లైను తెగిందని తెలిపే ఎర్ర దీపం వెలిగిన సమయాలు పక్క వరుసలో రాశాను. అమ్మ చెప్పినట్టే ఉంది. నాయిన లేచిన తరువాత ఒక్కసారి కూడా తెగలేదు. ఆమె పరిశీలనలో తప్పు లేదని ఒప్పుకున్నాను. ఆమె చెప్పిన కారణం మాత్రం ఇంకా మిగిలి ఉంది: చప్పుడు.

ఆదివారం ఒక స్టీలు పళ్ళెం తెచ్చి, పెట్టె పక్కన నిలబడి గరిటెతో కొట్టాను. ఎర్ర దీపం రాలేదు. పక్కింటి అత్త గోడ మీదుగా తొంగిచూసి, "ఏం పండుగనే గియ్యాల?" అన్నది. తరువాత నాయినను కేవలం నాడె విసరమన్నాను. ఏమీ కాలేదు. కాలి చెక్కలు మాత్రమే తొక్కమన్నాను. ఏమీ కాలేదు. చివరకు, వేసిన పోగును దగ్గరికి కొట్టే పలకను ఒట్టిగానే కొట్టమన్నాను.

"పోగు ఎయ్యకుంట కొట్టుడా? ఎవలన్న సూస్తె పిచ్చి లేసిందనుకుంటరు."

"ఎవలు సూస్తలేరు, కొట్టు నాయినా."

"నేను సూస్తలేనా?" అన్నది అమ్మ గుమ్మంలోంచి.

ఇరవై దెబ్బలకు ఎర్ర దీపం వెలిగింది. కనుక చప్పుడు కాదు, అదురు. ఏది అదురుతున్నదో ఆ రోజు నాకు తట్టలేదు. సోమవారం పొద్దున ఎవరూ మగ్గం ఎక్కవద్దని మాత్రం అనుకున్నాం.

సోమవారం తొమ్మిది నలభైకి మగ్గం ఖాళీగా ఉంది, నాయిన గుమ్మం మీద కూర్చున్నాడు, పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతున్నది. ఎంతసేపు చూసినా మారలేదు. మగ్గం ఆడకుండా నెట్ తెగడం అదే మొదటిసారి. నేను కిటికీ దగ్గర మొదలుపెట్టి, లోపలికి వచ్చే సన్నని పసుపు తీగను వేళ్ళతో తడుముతూ వెళ్ళాను. అది మగ్గం వెనుక సందులోకి పోయింది. నేసేవారి మోచేతికి అడ్డం రాకుండా ఎవరో దాన్ని మగ్గం గుంజకు ఒక చుట్టు చుట్టి ముడి వేశారు. మగ్గపు తాళ్ళ బిగువు సరిచేసుకోవడానికి నేత ఇళ్ళలో వేసే జారుముడి అది. ఒక కొస లాగితే ఊడుతుంది, రెండో వైపు అదిరిన కొద్దీ బిగుసుకుంటుంది.

ఆ తీగ లోపల ఉన్నది గాజు. అందులో పోయేది వెలుగు. మెల్లగా వంచితే వెలుగు వంపు వెంట పోతుంది. మరీ నొక్కి వంచితే బయటికి కారిపోతుంది. ఇన్నాళ్ళూ పలక కొట్టినప్పుడే తీగను నొక్కిన ముడి, అదిరి అదిరి ఇప్పుడు పూర్తిగా బిగుసుకుంది. దీని మీద నేను పరీక్షలు రాశాను, మార్కులు తెచ్చుకున్నాను, ఆ గదిలోనే రెండు నెలలు ఆ తీగకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాను.

కొస పట్టి లాగాను. ముడి ఊడింది. కాసేపటికి పచ్చ దీపం వచ్చింది.

క్లయింటుకు చూపించవలసింది చూపించాను. గంటన్నరలో ఒక్కసారి కూడా తెగలేదు. "మగ్గం మార్చారా అండీ?" అన్నాడు మేనేజరు. నాయిన గుమ్మం మీది నుంచి, "ఐపాయెనా?" అన్నాడు.

"ఐపోయింది. ఇగ కొట్టు నాయినా, గట్టిగ కొట్టు."

ఆయన గుంతలో కాళ్ళు పెట్టి పలక కొట్టాడు. ముగ్గురం పెట్టెనే చూస్తున్నాం. పచ్చ దీపం మారలేదు. అమ్మ లోపలికి వెళ్ళి వంట మొదలుపెట్టింది. మగ్గం విప్పే మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

మధ్యాహ్నం నాయినకు తీగను చూపించి, లోపల ఉన్నది గాజుతో తీసిన పోగు అని చెప్పాను.

"గాజుతోని పోగు తీస్తరా! ఎన్నో నంబరుది?"

నూలు సన్నదనాన్ని నేతవాళ్ళు నంబరుతో చెబుతారు. గాజుకు ఆ లెక్కలో నంబరు ఎంతో నాకు తెలియదన్నాను. ఆయన తీగను వేళ్ళ మధ్య దొర్లించి, "గింత సన్నపుదానికి గా ముడి ఎయ్యరాదు" అన్నాడు.

"ఎవరు ఏసిన్రు నాయినా?"

"నేనే ఏసిన తియ్."

"ఆయన గాదు," అన్నది అమ్మ వంటింట్లోంచి, "ఊడ్సేటప్పుడు కాళ్ళకు తగుల్తుండె, నేనే ఏసిన్నేమో."

కనెక్షన్ ఇచ్చినాయన తీగను కిటికీ దగ్గర వదిలి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి పెట్టె దాకా లాగింది నేనే. లాగినట్టు గుర్తుంది, గుంజకు కట్టినట్టు గుర్తులేదు. కట్టలేదని చెప్పడానికి మాత్రం అది చాలదు. ఆ ముడి నాకు బడిలో అక్షరాలు నేర్పకముందే నేర్పారు.

ఇప్పుడు ఆ తీగ మేకుల మీదుగా, గోడ వెంట వెడల్పు వంపుతో పోతుంది. ఆఫీసు తెరిచాక నేను హైదరాబాద్ వచ్చేశాను. ముడి ఎవరు వేశారన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు. దొరికే వీలు ఒకప్పుడు ఉండేది. నాయినది ఎడమచేతి వాటం. ఆయన వేసే ముడి అమ్మ ముడికీ నా ముడికీ ఎదురు తిరుగుతుంది. ఒక్క ఫొటో ఉంటే, వేసింది ఆయనో కాదో తేలేది. పది నిమిషాల్లో క్లయింటు ముందు కూర్చోవాలన్న తొందరలో, కొత్తవాళ్ళకు నేర్పే నియమం మరిచి, చూడకుండానే ఊడదీశాను. మొన్న ఫోనులో నాయినను మళ్ళీ అడిగాను. "నేనే అన్న గద బిడ్డా, ఎన్నిసార్లు అడుగుతవ్?" అన్నాడు. ఆ రోజు కూడా, నేను అడిగీ అడగగానే ఒప్పుకున్నాడు. అంత తొందరగా వచ్చిన ఒప్పుకోలును నేను రుజువుగా రాసుకోలేను. కాదని కొట్టివేయడానికీ నా దగ్గర ఏమీ లేదు.