గీత పడని పిడి

యెహోషువకు ఒక వస్తువు నచ్చిందంటే అతను నిలవలేడు, ఎదుటివాళ్లను నిలవనివ్వడు. తోటపల్లి గూడూరు దగ్గర రోడ్డు పక్కన అతనిదో లేత్ షెడ్డు. రొయ్యల గుంటల్లో నీళ్లు చిలికే ఏరేటర్లకు షాఫ్టులు బాగుచేసి ఇవ్వడం అన్నం పెట్టే పని. మడత చాకులు చేయడం మాత్రం అతని పిచ్చి. పాత రంపపు బ్లేడు ముక్కను అరగదీసి, తుమ్మచెక్క పిడి వేసి, జేబులో పట్టేట్టు చేసి ఇచ్చేవాడు. ముప్పై ఏళ్లలో అలాంటివి ఎన్ని చేశాడో అతనికే తెలియదు. అవి ఎక్కువగా పోయేది సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికే పట్టపుపాలేనికి.

ఒకటే చిక్కు. ఉప్పునీళ్లకు చెక్క ఉబ్బుతుంది, లోపలి మేకు తుప్పు పడుతుంది. సరిగ్గా తాడు కోయాల్సిన సమయానికి చాకు మొండికేస్తుంది. ఆ ఫిర్యాదు విన్న ప్రతిసారీ యెహోషువకు ప్రాణం చివుక్కుమనేది.

అలాంటి మనిషికి ఒకరోజు ఫోనులో టైటానియం పిడి చాకు కనబడింది. ఇంకేముంది! మర్నాడే చెన్నై రైలెక్కి, పాత లోహాల బజారంతా గాలించి, అరచేయంత రేకు ముక్కలు నాలుగు సంపాదించుకొచ్చాడు. ఒక ముక్కను గ్రైండరుకు ఆనించాడో లేదో, ఇనుముకు వచ్చే ఎర్రటి రవ్వలకు బదులు తెల్లటి రవ్వలు కళ్లు జిగేల్మనేట్టు రాలాయి.

"ఏమే, ఇట్టా రా! మతాబులే, మతాబులు!" అని భార్యను కేకేశాడు.

రెబెక్కమ్మ వచ్చింది. పెళ్లయిన కొత్తలో షెడ్డు ఊడవడానికి అడుగుపెట్టి, డ్రిల్లింగ్ మిషను నేర్చుకుని, ఇప్పుడు రంధ్రం వేయడంలో మొగుడి కన్నా చెయ్యి తిరిగిన మనిషి. ఈ కొత్త లోహం రెండు బిట్లు మింగాక గానీ లొంగలేదు. రంగు వేసింది కూడా ఆమే. మూడు చిన్న బ్యాటరీలు వరసగా కలిపి, సోడా ఉప్పు నీళ్లలో పిడిని ముంచి కరెంటు పెట్టింది. పిడి ముందు గోధుమ రంగుకు తిరిగింది, తర్వాత ఊదాకు, ఆ తర్వాత నీలానికి. ఆ నీలం చూసి యెహోషువ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

చప్పట్లతో ఊరుకున్నాడా? బీరువా తాళం చెవి తెచ్చి పిడి మీద బలంగా గీశాడు. పసుపుపచ్చ గీత పడింది. బొటనవేలితో రుద్దితే మాయమైంది.

"చూసినావా! గీత పడదు! దీని మీద గీతే పడదు!"

"తాళం చెవి ఇత్తడిది. ఇత్తడి మెత్తన గదా. దాని పొడే పిడికంటుకునింది, నువ్వు తుడిచింది దాన్నే," అంది రెబెక్కమ్మ. "గట్టి దాంతో గీసి చూడరాదా?"

వింటేగా! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఆదివారం ప్రార్థన ముగియగానే ఆమెను బండెక్కించుకుని పట్టపుపాలెం పోయాడు.

ఒడ్డున బోట్ల నీడలో మగవాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. నడుమ పాలేనికి పెద్దకాపు హజరత్తయ్య కూర్చుని ఉన్నాడు. యెహోషువ నీలం చాకును పైకెత్తి చూపించాడు. "తుప్పు పట్టదు. ఉబ్బదు. బరువు ఉండదు," అన్నాడు. నిజమే. అక్కడ ఆపి ఉంటే ఎంత బాగుండేది! అందరి కళ్లూ చాకు మీదే ఉండేసరికి అతనికి ఒళ్లు తెలియలేదు.

"గీత గూడా పడదు! నెల రోజులు వాడి చూడండి. ఒక్క గీత పడిందా, ఇంక ఈ చేత్తో చాకు చేస్తే ఒట్టు!"

రెబెక్కమ్మ నుదురు కొట్టుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం.

"పదిమందిలో అన్నావబ్బయ్యా," అన్నాడు హజరత్తయ్య. "పాలెంలో మాటంటే మాటే. నువ్వు చెప్పినట్టుంటే ముప్పై రెండు బోట్లకీ బోటుకొకటి తీసుకుంటాం."

అది బెదిరింపు కాదు. ఆ పల్లెలో పెళ్లయినా, తగువైనా, వేటలో వాటా అయినా పెద్దకాపు ముందు అన్న మాట మీదే నడుస్తుంది. ఒకసారి అన్నది వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. చాకును పోలేరయ్య అనే బోటు యజమాని చేతికిచ్చారు.

ఆ నెలంతా యెహోషువ కాళ్లు నేల మీద లేవు. ముప్పై రెండు పిడులకు కాగితం మీద నమూనాలు గీసుకున్నాడు, ఏ బోటుకు ఏ రంగో రాసుకున్నాడు. "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట," అని రెబెక్కమ్మ నవ్వింది. అతను పట్టించుకోలేదు.

నెల నిండిన ఉదయం ఇద్దరూ పాలెం చేరేసరికి అప్పుడే బోట్లు ఒడ్డుకొచ్చాయి. పోలేరయ్య నీళ్ల అంచున గొంతుక్కూర్చుని, గుప్పెడు తడి ఇసుక తీసుకుని చాకును బరబరా తోముతున్నాడు.

యెహోషువకు అప్పుడు తట్టింది. చేపల పని చేసిన చాకును ఇసుకతో తోమందే ఆ పల్లెలో ఎవరూ ఇంటికి తీసుకుపోరు. నీచు ఇంట్లోకి రాకూడదని తాతల నాటి అలవాటు. ముప్పై ఏళ్లుగా అతను కళ్లారా చూస్తున్నదే. చెక్క పిడికి ఆ తోముడు నునుపే తెచ్చేది గనుక ఏనాడూ ఆలోచించలేదు. టైటానియం తుప్పుకు లొంగదు గానీ ఇసుకరేణువు దానికన్నా గట్టిది. ఇత్తడి చెవితో గీసి సంబరపడిన తన తెలివికి అతనికి సిగ్గేసింది.

చాకు చేతికొచ్చింది. నీలం ఆనవాలు లేదు. పిడి అంతా బూడిదరంగు, గీత మీద గీత.

"గీతలు సరే, దీని పని విను యెహోషువన్నా!" అన్నాడు పోలేరయ్య ఉత్సాహంగా. "వారం కిందట తాడు నీళ్లలో తిరిగే ఇంజను ఫ్యానుకు చుట్టుకునింది. అలకు బోటు అడ్డం తిరిగింది. ఒక చేత్తో అంచు పట్టుకోని, ఇంకో చేత్తో దీన్ని ఇప్పి టక్కున కోసినా. చెక్కపిడిదయితే ఇప్పుకునేదే కాదు. ముగ్గురం ఇళ్లకు రాకపోదుం."

చుట్టూ ఉన్నవాళ్లు చాకును చేతులు మార్చుకుంటూ చూశారు. అందరికీ కావాలి. హజరత్తయ్య ముఖంలో మాత్రం దిగులు.

"ఇంత మంచి చాకు చేసి ఆ మాటెందుకన్నావయ్యా? ఇప్పుడు మేమేం చేసేది?"

నా మాట నేనెరగనని దబాయించడం యెహోషువకు చేతకాదు. "గీతలు పడినాయి పెద్దకాపా. తెలీక కోతలు కోసినా. ఇంక ఈ చేత్తో చాకు చెయ్యను," అన్నాడు. ఏరేటర్ల షాఫ్టులు బాగుచేసుకుంటూ బతకొచ్చు. కానీ ఆ బతుకులో పొద్దున్నే లేచి షెడ్డుకు పరిగెత్తాలనిపించేది ఏముంటుంది?

"ఒట్టు ఆయన చేతిది," అంది రెబెక్కమ్మ. అందరూ అటు తిరిగారు. "నేనేం మాటియ్యలేదు గదా? రంధ్రాలేసింది నేను, రంగేసింది నేను. మిగతా పని గూడా చేస్తా. రంగెయ్యను. మీ ఇసుకతో నేనే ముందు పిడంతా తోమి ఇస్తా. ముందే అన్నీ గీతలైతే కొత్త గీత యాడ కనబడతాది?"

హజరత్తయ్య ఒక్క క్షణం ఆలోచించి పగలబడి నవ్వాడు. "ఆమె చెయ్యి మీద ఒట్టేం లేదబ్బా!" అన్నాడు. ఒడ్డంతా గోల గోలైంది. అందరికన్నా పెద్దగా కేకేసింది యెహోషువే. "అబ్బా! ఇది నాకెందుకు తట్టలేదు!" అంటూ అప్పుడే ఇసుక సంచికెత్తడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు షెడ్డులో ఆకురాయి పట్టేది రెబెక్కమ్మ. ఆమె అంచు కాస్త వంకరగా అరగదీస్తే యెహోషువ చేతులు వాటంతటవే లేస్తాయి. వాటిని వెనక్కి కట్టుకుని, "రవ్వంత ఎడం పక్కకు," అంటాడు. ఆమె చూసిన చూపుకు వెళ్లి షాఫ్టు పట్టుకుంటాడు. బాధగానే ఉంటుంది. ఆమె చాకు టక్కుమని విప్పుకున్న ప్రతిసారీ మాత్రం ఆ బాధలోంచే సంతోషం పొంగుకొస్తుంది.

మొన్న వెంకటాచలం నుంచి మధుబాబు అనే లారీ డ్రైవరు వెతుక్కుంటూ వచ్చాడు. చాకును అటూ ఇటూ తిప్పి, "టైటానియం అంటున్నారు. గీత పడదు గదన్నా?" అని అడిగాడు.

యెహోషువ ఊపిరి ఎగబీల్చాడు. చెప్పడానికి గంట సేపటి సంగతులు నాలుక చివర ఉన్నాయి. మిషను దగ్గర చప్పుడు ఆగింది. రెబెక్కమ్మ తలెత్తి చూస్తోంది.

"పడతాది," అన్నాడు.

మధుబాబు నవ్వి రెండు ఇమ్మన్నాడు.