తాకకుండా ముప్పై నిమిషాలు

గది దాటేటప్పుడు వెనక్కి తిరిగి ఫ్యానూ లైటూ ఆపడం శివకుమారి అలవాటు. ఖాళీ కుర్చీ మీద ఫ్యాను తిరుగుతోందని గుర్తొస్తే ఆమెకు ముద్ద దిగదు. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఆమె కాంట్రాక్టు ఉద్యోగి. అక్కడ ఆ అలవాటే ఆమె మెడకు చుట్టుకుంది.

ల్యాబు మూలనున్న యూనిక్స్ వర్క్‌స్టేషను అనే కంప్యూటరుకు పని ఒకటే. బట్టీలోకి పోయే రాయిపొడిని గంటగంటకూ పరీక్షించే యంత్రం అంకెలు పంపుతుంది. వాటిని అందుకుని బట్టీ నడిపేవాళ్లకు చేరవేయాలి. డిస్కు పాడై కొత్తది వేయించిన నాటినుంచి అది భోజనాల వేళ ఆగిపోతోంది. అంకెలు అందక బట్టీవాళ్లు గుడ్డిగా నెట్టుకొస్తున్నారు.

"ఇంగెవురు ఆపుతారు? కరెంటు పిసినారి ఈమే గదా!" అన్నాడు షిఫ్టు ఇన్‌చార్జి వీరభద్ర.

వారం తర్వాత కూడా ఇలాగే జరిగితే బస్తాలు నింపే షెడ్డుకు మారుస్తానని మేనేజరు ప్రేమయ్య మెమో ఇచ్చాడు. కెమిస్ట్రీ చదివి ఆరేళ్లుగా ఆ ల్యాబునే నమ్ముకున్న మనిషి ఆమె. ఏడవలేదు. వర్క్‌స్టేషనుతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకం ముందేసుకుని వారం రోజులు చదివింది. అది ఆగిన వేళలన్నీ రాసుకుంది. చివరిసారి కీబోర్డు తాకిన ముప్పై నిమిషాలకు ఆగుతోంది. మిగతా వేళల్లో ఎవరో ఒకరు తాకుతూనే ఉంటారు.

సోమవారం మధ్యాహ్నం ప్రేమయ్యనూ వీరభద్రనూ ల్యాబుకు పిలిచింది.

"ఈడ కూచోండి సార్. దాన్ని ఎవురూ ముట్టుకోగూడదు."

"ఏమ్మా, పూజ చేస్తాండావా?" అని నవ్వాడు వీరభద్ర.

"నైవేద్యం మీరే పెడుదురు, కూచోండి."

ఆమె చేతులు కట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. సరిగ్గా అరగంటకు స్క్రీను నల్లబడింది. లోపలి రొద కూడా అణిగిపోయింది.

"మరి ఎవురాపిరి?" అన్నాడు ప్రేమయ్య తెల్లబోయి.

"అదే ఆపుకున్నాది. కరెంటు మిగిలించే సెట్టింగు దాంట్లోనే ఉండాది సార్. డిస్కు మార్చినప్పుడు మనం పెట్టుకున్నది పోయి, కొన్ననాటిదే మళ్లీ వచ్చిండాది. కీబోర్డు ముట్టకుంటే పనేం లేదనుకుని నిద్రపోతాది. నాకంటే పిసినారి!"

వీరభద్ర దాన్ని మళ్లీ ఆన్ చేసి అడ్మిన్ పాస్‌వర్డు కొట్టాడు. శివకుమారి ఆ సెట్టింగు ఫైలు తెరిచింది. స్క్రీను పది నిమిషాలకు ఆరిపోవచ్చు, యంత్రం మాత్రం ఎన్నడూ నిద్రపోకూడదని మార్చింది. ఫైలు సేవ్ చేసి, కొత్త సెట్టింగు అమలయ్యే ఆదేశం ఇచ్చింది.

మళ్లీ కూర్చున్నారు. పది నిమిషాలకు స్క్రీను ఆరింది. ముప్పై దాటింది. నలభై దాటింది. రొద ఆగలేదు. అంతలో ఫోను మోగింది. బట్టీ దగ్గరినుంచి ఈరప్ప అరుస్తున్నాడు: "నంబర్లు వచ్చినాయి సామీ! శానా దినాలకు భోజనం టైములో వచ్చినాయి!"

ప్రేమయ్య మెమో కాపీ తీసి చించబోయాడు.

"చించితే చాలదు సార్. నా తప్పేం లేదని రాసియ్యండి."

రాసిచ్చాడు. కింద వీరభద్ర కూడా సంతకం పెట్టాడు.

శివకుమారి ఇప్పుడు ఆ ల్యాబులో పర్మనెంటు టెక్నీషియను. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు స్కూటీ మీద వెళ్తుంది.