కిటికీ పక్క అర

ఇన్నేళ్లుగా నా గుండె మీద ఒక బండ ఉంది. మాది బేతంచెర్ల. బండలు మాకు కొత్త కాదు. మోసినవెన్నో, పేర్చినవెన్నో. దీన్ని దించుకునే చోటు మాత్రం దొరకలేదు. నాకు సంతకం వరకే చదువు. మాట్లాడితే ఫోనే రాసుకుంటుందని మైకు గుర్తు చూపించింది నా కోడలే. ఆమె పట్ల చేసిన తప్పునే ఇందులో చెబుతానని ఆమెకు తెలియదు. మీరెవరో నాకూ తెలియదు. అందుకే నోరు పెగులుతోంది.

మా ఆయన పోయాక లైబ్రరీలో కసువు ఊడ్చే పని దొరికింది. అంతకు ముందు పాలిషింగ్ ఫ్యాక్టరీలో బండలు పేర్చేదాన్ని. కోడలు, సుజాత అనుకోండి, డిగ్రీ చదివింది. లైబ్రేరియన్ కావాలని ఆమె కోరిక. దానికి కడపలో ఉండి సర్టిఫికెట్ కోర్సు చేయాలి. చేరాలంటే, లైబ్రరీలో పని నేర్చుకుందని మా సారు, అంటే అప్పటి లైబ్రేరియన్, రాసివ్వాలి. పుస్తకాలన్నీ నంబర్ల ప్రకారం సర్దితే, తను చూసి రాసిస్తానన్నాడు సారు. నాకు మాత్రం మొదటి రోజే చెప్పాడు: నేల ఊడ్చు, పుస్తకాలు ముట్టుకోవద్దు.

పుస్తకాల వీపు మీది నంబర్లు చూసుకుంటూ, నోట్లో గొణుక్కుంటూ అన్నీ సర్దింది సుజాత. ఆఖరి సాయంత్రం కిటికీ పక్క అర మిగిలింది. సగంలో కరెంటు పోయింది. ఫోను లైటు పెట్టుకుని అదీ ముగించి ఇల్లు చేరింది.

మర్నాడు పొద్దున నేను తాళం తీసి ఊడుస్తుంటే, ఆ అర నిండా తెల్లటి బండల పొడి. రోడ్డు మీద లారీలు పోతే కిటికీలోంచి పడేదే. సారు వచ్చి చూస్తాడు కదా, నా కోడలు సర్దిన అర మెరవాలి కదా అనుకున్నాను. పుస్తకాలన్నీ కిందికి దించాను. చెంగుతో తుడిచాను. తిరిగి పెట్టేటప్పుడు నా చేతులు వాటికి తెలిసిన పనే చేశాయి. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క, అంచులు కలిపి. ఫ్యాక్టరీలో బండలు అలాగే పేరుస్తాం. ఎంత ముచ్చటగా ఉందోనని వెనక్కి జరిగి చూసుకున్నాను కూడా.

సుజాతను వెంటబెట్టుకుని సారు నేరుగా ఆ అర దగ్గరికే వెళ్లాడు.

"ఏమ్మా సుజాతా, పుస్తకాలు సర్దమంటే బండలు పేర్చినావే! లారీకి ఎత్తాల్నా వీటిని?"

పేపరు చదువుతున్న ముసలాళ్లు పకపకా నవ్వారు. సుజాత నా దగ్గరికి పరుగున వచ్చింది.

"అత్తా, నువ్వేమన్నా ఆ పుస్తకాలు ముట్టుకున్న్యావా?"

"నాకేం పనమ్మీ? కసువు కొట్టి బయటికొచ్చినా."

"నేను సరిగ్గానే పెట్టింటినే..."

"చీకట్లో పెట్టినావు గదా. యాడో తప్పు పోయింటాది."

నమ్మింది. నా మాట కాబట్టి నమ్మింది. సారు రాసివ్వలేదు.

ఎందుకన్నాను ఆ మాట? పని పోతుందని భయం. నిజమే. అంతేనా? కొడుకు లారీ మీద పోతే రోజుల తరబడి రాడు, ఇక కోడలూ కడప పోతే ఆ ఇంట్లో నేనెవరి ముఖం చూసి బతకాలని లోపల ఒక మూల అనుకోలేదా? ఆ సాయంత్రం సుజాత ఏడ్చి ఏడ్చి నా పక్కన కూర్చుని సంగటి తింటుంటే నాకు హాయిగా అనిపించింది. తప్పు కంటే ఆ హాయి గుర్తొస్తేనే ఎక్కువ సిగ్గు.

ఆ ఏడాది ఆమె ఫ్యాక్టరీకి పోయింది. బండలు కడిగి కడిగి ఆమె వేళ్లు పగిలాయి. నేను నూనె రాశాను. అప్పుడూ చెప్పలేదు.

తర్వాత కొత్త సారు వచ్చాడు, రాసిచ్చాడు. కడప పోయింది, కోర్సు చేసింది, పాసయింది. ఇప్పుడు ఈ లైబ్రరీలోనే కుర్చీలో కూర్చుంటుంది. నేను ఊడుస్తాను. మధ్యాహ్నం ఇద్దరం ఒకే టిఫిన్ డబ్బాలోంచి తింటాం. నాకింక ఏ కొరతా లేదు.

అయితే ఒకటుంది. ఏ పుస్తకం పెట్టినా సుజాత వెనక్కి వచ్చి మళ్లీ చూసుకుంటుంది. ఎంత జాగ్రత్త అని అందరూ మెచ్చుకుంటారు. అది జాగ్రత్త కాదు. తన చేతిని తనే నమ్మకుండా నేను నేర్పిన భయం.

ఆ పొద్దు నువ్వు సరిగ్గానే పెట్టినావమ్మీ. ఆమెకు చెప్పాల్సిన మాట ఇది. ముందు మీ చెవిన వేశాను. మన్నించమని అడగను, అది మీ చేతిలో లేదు. అయినా ఊపిరి కాస్త సులువుగా ఆడుతోంది.

లైబ్రరీ గడప మీద కూర్చుని ఫోనులో నేనిలా గుసగుసలాడుతుంటే, కిటికీ పక్క అర దగ్గర నుంచి సుజాత అరుస్తోంది:

"ఎవరితో అత్తా, ఇంతసేపు ముచ్చట్లు?"

"ఎవరూ లేరులేమ్మీ" అన్నాను.

ఇదీ అబద్ధమే. మీరున్నారు.