మార్తమ్మకు సరిపోని కుర్చీ

2006లో నేను కడపలో చిన్న ఫర్నిచర్ వర్క్‌షాపు నడుపుతుండేవాణ్ణి. హైదరాబాదులో డిజైన్ కోర్సు చేసి వచ్చి రెండేళ్లయింది. ఊళ్లో అందరూ పూలూ నగిషీలూ చెక్కిన టేకు సోఫాలు అడిగే రోజులవి. నాకేమో మినిమలిస్ట్ డిజైన్ పిచ్చి. అంటే, అనవసరమైనది ఏదీ లేకుండా, పనికి ఎంత కావాలో అంతే ఉంచి వస్తువు చేయడం.

కమలాపురంలో స్కూలు యూనిఫారాలు కుట్టించే ఒక శెట్టిగారు నాకు ఆ అవకాశం ఇచ్చారు. ఆయన దగ్గర ఇరవైమంది ఆడవాళ్లు ఇనుప స్టూళ్ల మీద కూర్చుని పొద్దస్తమానం మిషన్ కుట్టేవారు.

"అందరూ నడుం నొప్పి అంటాండారప్పా. వీపుకు ఆనుకునేట్టు ఏమన్నా చేసి పెట్టు" అన్నారు.

నెల రోజులు ఆ కుర్చీ తప్ప నాకు వేరే ధ్యాస లేదు. సన్నటి ఇనుప గొట్టాల ఫ్రేము, వంచిన ప్లైవుడ్ సీటు, నడుము దగ్గర మాత్రమే ఆనే చిన్న చెక్క. ఎక్కడా ఒక్క స్క్రూ బయటికి కనబడదు. ఎర్గోనామిక్స్, అంటే మనిషి ఒంటికి తగ్గట్టు వస్తువును మలచడం గురించి నా దగ్గర ఒక విదేశీ పుస్తకం ఉండేది. సీటు ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, లోతు పదిహేడు అని అందులోంచే తీసుకున్నాను. చేశాక నేనే కూర్చుని చూశాను. హాయిగా ఉంది. నేను ఐదడుగుల పదంగుళాలు ఉంటాను.

కుర్చీలు దించిన రోజు ముందుగా ఫోటోలు తీసుకున్నాను. తర్వాత ఆడవాళ్లు కూర్చుని కుట్టడం మొదలుపెట్టారు. వాళ్లలో మార్తమ్మ పాత మనిషి. నలభై దాటి ఉంటాయి, పొట్టిగా ఉంటుంది. చొక్కా కాలర్లు ఆమె కుట్టినంత బాగా ఇంకెవరూ కుట్టరని శెట్టిగారే చెప్పారు. కాసేపయ్యాక ఆమె నన్ను పిలిచింది.

"సార్, పాదం ఆనడం ల్యా. మునివేళ్లతోనే పెడలు తొక్కతాండా. తొడల కింద అంచు ఒత్తుకుంటాండాది."

"నువ్వు ముందుకు జరిగి కూర్చున్నావు. వెనక్కి ఆనుకో. ఇన్నాళ్లూ స్టూలు అలవాటు కదా, కూర్చోవడం కొత్తగా నేర్చుకోవాలి" అన్నాను, అందరికీ వినబడేట్టు.

ఎవరో నవ్వారు. మార్తమ్మ వెనక్కి జరిగింది. జరగగానే ఆమె పాదాలు ఇంకాస్త పైకి లేచాయి. అది నాకు కనబడింది. అయినా వచ్చేశాను.

రెండు నెలల తర్వాత శెట్టిగారు ఫోన్ చేశారు. "అప్పా, మార్తమ్మ కుర్చీలోంచి లేస్తా పడిపోయింది. చెయ్యి ఇరిగింది."

"కుర్చీకి ఏమన్నా అయిందా?" అని అడిగాను.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. ఇప్పుడు రాస్తుంటే కూడా తల వంగిపోతోంది.

"కుర్చీకేమప్పా, బాగానే ఉండాది" అన్నారాయన.

మర్నాడు మార్తమ్మ ఇంటికి వెళ్లాను. కుడిచేతికి పిండికట్టుతో, చిన్న పీట మీద కూర్చుని ఎడమచేత్తో బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఎట్లా పడ్డావని అడిగాను.

"కాళ్లు మొద్దుబారినాయి సార్. లేస్తే నేల తగిలిందో లేదో తెలియల్యా. పడిపోతి."

"మొద్దుబారడం రోజూ ఉండేదా?"

"రోజూ ఉండేది. శానామందికి ఉండాది."

"మరి నాకు చెప్పలేదేమమ్మా?"

"మొదటి రోజే చెప్తి గదా సార్. నాకు కూర్చునేది రాదంటిరి. మీరు సదువుకున్నోళ్లు. నాకే చేతగాలేదేమో అనుకుంటి."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. జేబులోంచి టేపు తీసి, ఆమెను అడిగి, మోకాలి వెనక నుంచి మడమ దాకా కొలిచాను. పదిహేను అంగుళాలు కూడా లేదు. ఆ కొలత తీయడానికి నిమిషం పట్టలేదు.

కుర్చీలన్నీ వెనక్కి తెప్పించాను. వాటి కాళ్లు కోసి, సీటు లోతు తగ్గించి, ముందు అంచును గుండ్రంగా కిందికి వంచాను. దానికి తగ్గట్టు మిషన్ స్టాండ్ల ఎత్తు కూడా తగ్గించాను. ఇదంతా చేశాను గానీ, శెట్టిగారితో మాత్రం "కొత్త మోడల్" అని చెప్పాను. తప్పు అనే మాట నోట రాలేదు. దాంతో ఆయన మార్తమ్మ పరధ్యానంగా లేచి పడిందనే అనుకున్నారు. ఆమె మిషన్ మీద ఇంకొకామెను పెట్టుకున్నారు. కట్టు విప్పాక పనికి వస్తే తిప్పి పంపారు.

ఆ సంగతి కొన్నాళ్లకు, వదులైన కుర్చీలు బిగించడానికి వెళ్లినప్పుడు పక్క మిషన్ ఆమె చెబితే తెలిసింది. అప్పుడు అందరి ముందూ శెట్టిగారికి చెప్పాను. "తప్పు మార్తమ్మది కాదు. నా కుర్చీ వల్లే పడింది. ఆమె మొదటి రోజే చెప్పింది, నేనే వినలేదు."

"ఈ మాట అప్పుడే చెప్పింటే ఆమెను పంపించిందును కాదు గదప్పా" అన్నారాయన.

మార్తమ్మను మళ్లీ పిలిపించారు. కానీ మణికట్టు మునుపటిలా తిరగలేదు. బట్టను సూది కిందికి నడిపించడం ఆమె వల్ల కాలేదు. కుట్టిన చొక్కాలకు దారపు కొసలు కత్తిరించే పని ఇచ్చారు. నేను వెళ్లేసరికి కొత్త కుర్చీలో కూర్చుని ఉంది. పాదాలు రెండూ నేలకు ఆనాయి.

"ఇప్పుడు బాగుండాది సార్" అంది. నేను ఆమె చేతి వంక చూడలేకపోయాను.

ఆ తర్వాత చాలా కుర్చీలు చేశాను. కూర్చునే మనిషిని కొలవకుండా ఒక్క గొట్టం కూడా కోయలేదు. ఎక్కడైనా ఒత్తుకుంటోందని ఎవరైనా అంటే, ఎదురు చెప్పకుండా టేపు తీస్తాను. తన ఒళ్లు ఎక్కడ నొస్తుందో ఆ మనిషికే బాగా తెలుస్తుంది. ఇంత మామూలు సంగతి నాకు తెలిసిరావడానికి, కాలర్లు కుట్టే ఒక చెయ్యి పోవాల్సి వచ్చింది.