జపాన్ మెట్ల కింద కూర్చున్న రోజు

ప్రపంచ శాంతి గురించి ఎవరైనా గొంతు బరువు చేసుకుని మాట్లాడితే ఆవిడకు పడదు. తొమ్మిదో తరగతి పిల్లలు నానాజాతి సమితి మీద జవాబు రాసి, చివర్లో "కావున మనమందరం శాంతికి కృషి చేయాలి" అని ముగిస్తే ఆ వాక్యం మీద ఎర్రగీత పడుతుంది. పక్కన "ఎలా?" అని ఒక్క ముక్క. శాంతి మీద వచ్చిన ఉపన్యాసాలన్నిటికీ అలాంటి గీతొకటి పడి ఉంటే లోకానికి కొంత మేలు జరిగేది.

స్కూల్లో అందరికీ ఆవిడ సమితి మేడమ్. అసలు పేరు హాజరు పట్టీకే పరిమితం. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత దేశాలు కలిసి జెనీవాలో పెట్టుకున్న ఆ సమితి, రెండో యుద్ధాన్ని ఆపలేక చతికిలపడిందని పాఠ్యపుస్తకం నాలుగు పేరాల్లో తేల్చేసింది. మిగతావాళ్ళు ఒక్క పీరియడ్‌లో దులిపేసుకునే ఆ పాఠాన్ని ఈవిడ రెండు వారాలు నడిపేది.

"చచ్చినవాడి కళ్ళు చారెడన్నట్టు, పోయిన సమితిని తెగ మోస్తున్నారు మేడమ్," అనేవాడు లెక్కల మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో.

"మొయ్యడం కాదు మాస్టారూ, పోస్టుమార్టం. లెక్క తప్పితే మీరు కొట్టేసి ఊరుకుంటారా, ఎక్కడ తప్పిందో చూపిస్తారా?"

"పది మార్కుల లెక్కయితే చూపిస్తాను. రెండు మార్కులదైతే కొట్టేస్తాను."

ఆవిడ పద్ధతి ఇది. బెంచీలు గుండ్రంగా జరిపి, చీటీలు తీయించి, బెంచీకో దేశం ఇస్తుంది. గదిలో కూర్చున్న ప్రతివాళ్ళ చెయ్యీ లేస్తేనే తీర్మానం నెగ్గినట్టు. గంట కొట్టేదాకా ఎవరూ పాత్ర దాటకూడదు. దాటితే రెండు మార్కులు కోత. మేడమ్ కార్యదర్శి మాత్రమే. ఆవిడకు ఓటు లేదు, అడిగితే తప్ప నోరు విప్పకూడదు. మొదటివారం ఉత్సాహంగా సాగుతుంది. ఓలాండ్ దీవులు మావంటే మావని ఫిన్లాండ్, స్వీడన్ తగువు పడతాయి. దీవులు ఫిన్లాండ్‌కి, అక్కడివాళ్ళ భాషకీ పద్ధతులకీ రక్షణ, సైన్యం మాత్రం ఎవరిదీ అడుగు పెట్టకూడదు. సమితి నిజంగానే తెగ్గొట్టిన తగువు అది. గ్రీసు, బల్గేరియా సరిహద్దు కొట్లాటా ఆగుతుంది. రెండోవారం మంచూరియా వస్తుంది. జపాన్ దాన్ని ఆక్రమించుకుంటుంది. సమితి విచారణ సంఘం వేస్తుంది. సంఘం ఓడెక్కి వెళ్ళి, చూసి, రాసి, అచ్చువేసి తెచ్చేసరికి ఏడాది గడుస్తుంది. నివేదిక నచ్చక జపాన్ ప్రతినిధులు సభ నుంచి లేచి వెళ్ళిపోతారు. తరగతిలోనూ అంతే, జపాన్ బెంచీవాళ్ళు నిజంగానే లేచి గది దాటి పోవాలి.

పుస్తకం అక్కడ ఆగుతుంది. ఆవిడ ఆగదు. మిగిలినవాళ్ళను ఒకే ప్రశ్న అడుగుతుంది: "ఇప్పుడు వాళ్ళ వెనకాల ఎవరు వెళ్తారు?"

ఈ ప్రశ్న ఆవిడకు యూనివర్సిటీ నేర్పింది కాదు, అత్తగారు నేర్పింది. పెళ్ళయిన కొత్తలో, చంటిపిల్లాడు ఒళ్ళో ఉండగా, ఇంక చదువు చాలన్నాడు భర్త. ఈవిడ పిల్లాణ్ణి చంకనేసుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. కబుర్లు మోసే చుట్టాలకు కొదవలేదు. అత్తగారు ఎవరినీ పంపలేదు. తనే బస్సెక్కి వచ్చి, చెప్పులు విప్పుతూనే అంది: "నిన్ను తీసుకెళ్దామని రాలేదమ్మాయ్. నీ షరతులేవో నీ నోటితోనే విందామని వచ్చా."

విన్నది. ఆ పైన కోడలు క్లాసులకు వెళ్ళినన్నాళ్ళూ మనవణ్ణి తనే సాకింది. కుట్టుమిషన్లు బాగుచేసుకునే భర్త ఇప్పటికీ అంటాడు: "మా అమ్మే అటువైపు చేరిపోయాక, నేనింక ఎవరితో యుద్ధం చేసేది?"

అలా వచ్చిన డిగ్రీతో దొరికింది తాత్కాలికపు పోస్టు. వేసవి సెలవులంటే పిల్లలకు పండగ, ఆవిడకు ఉద్యోగం ఊడటం. స్కూళ్ళు తెరిచేనాటికి మళ్ళీ పిలుపు వస్తుందో రాదో తెలియకుండానే జుట్టు నెరిసింది. చివరికి ఒక ఏడు, తాత్కాలికం వాళ్ళలో కొందర్ని పర్మనెంటు చేస్తారని తెలిసింది. తనిఖీ అధికారి వచ్చి, పాఠం చూసి, రాసి పంపాలి. అదే ఆఖరి అవకాశం. వచ్చే ఏడాదికి వయసు పరిమితి దాటిపోతుంది.

"ఆ రోజు మామూలుగా చెప్పండి మేడమ్," అన్నాడు హెడ్మాస్టరు. "నల్లబల్ల, సుద్దముక్క, నాలుగు తేదీలు. మీ నాటకం మర్నాటికి పెట్టుకోండి."

"అలాగే సార్," అంది. కానీ అధికారి చెప్పిన రోజుకి రాలేదు. ముందురోజే దిగబడ్డాడు. ఆ రోజు మంచూరియా.

జపాన్ చీటీ లాయరుకు పడింది. తొమ్మిదో తరగతిలో ప్రతిదానికీ వాదనకు దిగే పిల్ల కాబట్టి ఆ పేరు. నివేదిక చదవగానే లాయరు లేచి, "మమ్మల్ని దొంగలన్న చోట మేం కూర్చోం," అని తన బెంచీలో ముగ్గురినీ వెంటేసుకుని వెళ్ళిపోయింది. మామూలుగా జపాన్ తలుపు పక్కన నిలబడుతుంది. లాయరుకు అది ఆనలేదు. వరండా దాటి, మెట్ల కిందికి పోయి, పాత బెంచీల మీద సపరివారంగా కొలువుతీరింది.

అధికారి, వెనక హెడ్మాస్టరు, సరిగ్గా ఆ మెట్ల దగ్గరికే వచ్చారు.

"క్లాసులో ఉండకుండా ఇక్కడేం చేస్తున్నారు?"

గంట కొట్టలేదు కదా. లాయరు లేచి నిలబడి వినయంగా చెప్పింది: "వైదొలిగాం సార్. ఇంక తిరిగి వెళ్ళే ఉద్దేశం లేదు."

హెడ్మాస్టరు మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అధికారి విసవిసా గదిలోకి వెళ్ళి, కనిపించిన ఖాళీ బెంచీ మీద కూర్చున్నాడు. "ఏంటమ్మా ఇది? పిల్లలు మెట్ల కింద, మీరు మూల కుర్చీలో."

ఆవిడ లేచి నిలబడింది గానీ పెదవి విప్పలేదు. ఆ రెండు మూడు క్షణాల్లో ఆవిడకు తన రిటైర్మెంటు దాకా తాత్కాలికపు బతుకే కనిపించి ఉండాలి. ఫిన్లాండ్ కుర్రాడు ఆదుకున్నాడు. "కార్యదర్శి మాట్లాడాలంటే సభ అడగాలి సార్. మేం ఇంకా అడగలేదు. మీరు కూర్చున్నది జపాన్ బెంచీ. కూర్చుంటే మీకూ ఓటుంది. వాళ్ళ వెనకాల మనిషిని పంపాలా వద్దా అన్నది తీర్మానం. చెయ్యెత్తండి సార్."

చుట్టూ అన్ని చేతులూ లేచే ఉన్నాయి. తలుపు దగ్గర హెడ్మాస్టరు కూడా ఎందుకైనా మంచిదని సగం ఎత్తాడు.

"నేనెత్తను," అన్నాడు అధికారి. "చెప్పకుండా పోయినవాళ్ళని బతిమాలడమేంటి?"

"అయితే తీర్మానం వీగిపోయింది సార్," అన్నాడు ఫిన్లాండ్. చేతులన్నీ కిందికి దిగాయి. ఎవరూ నవ్వలేదు. ఒక్క చెయ్యి లేవకపోతే ఏమవుతుందో ఆవిడ ఏళ్ళ తరబడి నోటితో చెబుతూ వచ్చింది. కళ్ళతో చూడటం పిల్లలకు అదే మొదటిసారి. చూపించినవాడికీ ఆ నిశ్శబ్దం ఇబ్బందిగానే ఉన్నట్టుంది. కాసేపు కిటికీలోంచి చూశాడు, కళ్ళజోడు తుడుచుకున్నాడు, లేచి తనే మెట్ల దగ్గరికి వెళ్ళాడు.

"రండి లోపలికి."

"షరతులున్నాయి సార్," అంది లాయరు.

"ఏంటి, మంచూరియానా?"

లాయరు హెడ్మాస్టరు మొహం చూసింది, అధికారి చేతిలో ఫైలు చూసింది. "మేడమ్ మీద చెడుగా ఏమీ రాయకూడదు సార్. ఇంతదూరం రమ్మని ఆవిడ చెప్పలేదు. నేనే వచ్చాను."

"అది జపాన్ పెట్టే షరతులా లేదే."

"కాదు సార్. నాది."

అధికారి తల పంకించాడు. "అలాంటి మాట నేనివ్వలేనమ్మా. చూసింది చూసినట్టు రాస్తాను. అంతే."

లాయరు ఆలోచించింది. "చూసింది రాస్తే చాలు సార్," అంది. అందరూ లోపలికి వెళ్ళారు. అప్పుడు కొట్టింది గంట.

ఆయన మాట తప్పలేదు. పిల్లలు పర్యవేక్షణ లేకుండా గది బయట ఉన్నారని రాశాడు. హెడ్మాస్టరుకు దాని మీద సంజాయిషీ నోటీసు వచ్చింది. తను చూసిన చరిత్ర పాఠాల్లో తననే ఓడించిన పాఠం ఇదొక్కటేననీ, ఈవిడను ఉంచుకోవాలనీ కూడా రాశాడు. ఆ వేసవిలో మొదటిసారి ఆవిడ ఉద్యోగం ఊడకుండా సెలవులు గడిపింది. ఇకపై జపాన్ ఎక్కడిదాకా పోవచ్చో తేల్చడానికి హెడ్మాస్టరుతో రెండు రోజులు చర్చలు నడిచాయి. గుమ్మం అన్నాడాయన, మెట్లంది ఈవిడ. వరండా చివర సుద్దగీత దగ్గర రాజీ కుదిరింది. ఏటా ఆ గీత కొత్తగా గీస్తారు.

తనిఖీ జరిగిన నాటి సాయంత్రమే ఇంట్లో జరిగిందంతా చెప్పి, ఆవిడ మార్కుల కాగితాలు ముందేసుకుంది.

"ఆ లాయరు పిల్ల బంగారం అత్తయ్యా. నాకోసం నిలబడింది. ఏమిచ్చినా దాని రుణం తీరదు. పాత్ర తప్పినందుకు రెండు మార్కులు మాత్రం కొయ్యక తప్పదు," అని అంకె దిద్దింది.

అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తలెత్తలేదు. "కొయ్యి. రూలంటే రూలే. అప్పుడు నేను బస్సెక్కి మీ అక్కింటికి వచ్చానే, అది మాత్రం అత్తగారి పాత్రేనా? నాకెన్ని కోశావు?"

కోడలు కోసిన రెండు మార్కులూ మళ్ళీ వేసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. మర్నాడు లెక్కల మాస్టారు అది పట్టుకుని, ఇదేం లెక్క మేడమ్ అని అడిగాడు.

"పాత బాకీ మాస్టారూ," అంది ఆవిడ.