బాలనర్సయ్య కొసరు గంటలు

ఖాజాగూడ గుండ్ల నడుమ ఉన్న పెంకుటి గుడిలో ఆదివారం ఆరాధనకు గంట పన్నెండు సార్లు కొట్టాలని నియమం. ఆ రోజు బాలనర్సయ్య పదిహేడు కొట్టాడు.

"పన్నెండని చెప్పానా లేదా?" అన్నాడు దేవదానం పంతులు.

"పన్నెండే కొట్టిన సారూ."

"నేను లెక్కపెట్టానయ్యా. పదిహేడు!"

"పన్నెండు కొలత సారూ. కడమ అయిదు కొసరు."

బాలనర్సయ్యకు ఉన్న పిచ్చి ఇదొక్కటే. కొసరు వేయనిదే ఏ పనీ ముగించలేడు. ముప్పై ఏళ్ళు పటేలు కల్లంలో ధాన్యం కొలిచిన చెయ్యి అది. కుంచం నిండాక కూలివాడి గోనెలో ఇంకో దోసెడు పోసేవాడు. ఆ దోసెడు పోశాక, పిల్లలున్న ఇల్లని గుర్తొచ్చి ఇంకో దోసెడు. చివరికి పటేలు దండం పెట్టి ఇంటికి పంపాడు. "అందరి కొలతకు కొసరుంటది గని, నీ కొసరుకు కొలత లేదు బాలనర్సా" అన్నాడట.

కల్లం పోయినా అలవాటు పోలేదు. ప్రార్థన చేస్తే ఆమెన్ అన్నాక, "జర ఆగు తండ్రీ, ఇంకొక్క మాట" అని మళ్ళీ అందుకునేవాడు. అందుకే అతని మొదటి ఆమెన్‌కు గుడిలో ఎవరూ కళ్ళు తెరిచేవారు కాదు. ఇంట్లో భార్య భాగ్యమ్మ తిట్టడం ముగించి పొయ్యి దగ్గరికి వెళ్తుంటే వెనక్కి పిలిచేవాడు.

"కొసరు మరిచినవ్."

"నీ మొకం మండ!" అనేది భాగ్యమ్మ.

"ఆఁ, ఇగ నిండింది."

బాలనర్సయ్య బాప్తిస్మం రోజున పట్నం నుంచి వచ్చిన పెద్ద అయ్యగారు, అతన్ని నలుగురిలో నిలబెట్టి, నీవు చేసిన ఏ మంచిని చూసి దేవుడు నిన్ను చేర్చుకున్నాడని అడిగారు. అది చిక్కు ప్రశ్న. తెలిసినవాళ్ళు కూడా తడబడతారు.

"నా మానిక సగం గూడ నిండలే అయ్యగారూ," అన్నాడు బాలనర్సయ్య. "మీదిదంత ఆయన పోసిన కొసరే."

జనం గొల్లున నవ్వారు. అయ్యగారు మాత్రం నవ్వలేదు. ఇంకేమీ అడక్కుండా నీళ్ళలోకి దిగమన్నారు.

దేవదానం పంతులు ఇవేవీ చూసినవాడు కాదు. పోలీసు చర్య జరిగిన మరుసటి సంవత్సరం గుంటూరు వైపు నుంచి వచ్చాడు. వచ్చింది ఒక ఆదివారం పొద్దున. కూకట్‌పల్లిలో రాత్రి బస చేసి, నెత్తిన ట్రంకుపెట్టెతో కాలినడకన బయలుదేరి, గుండ్లలో దారి తప్పాడు. ఏ గుండు చూసినా ఇందాక చూసిన గుండులాగే ఉంది. ఎక్కడో గంట వినిపిస్తుంటే ఆ చప్పుడు పట్టుకుని గుడి చేరాడు. చేరగానే అతనికి తోచింది ఒకటే: ఇంతసేపు గంట కొట్టేవాడెవడో వట్టి వెర్రివాడు, ఈ సంఘంలో క్రమశిక్షణ సున్న.

వారం తిరక్కముందే గోడకు పదకొండు నియమాలు అంటించాడు. గుడి ఆవరణలో ఆకువక్క నమలరాదు. ప్రార్థనలో కునుకు తీయరాదు. గంట పన్నెండే కొట్టవలెను. పన్నెండో దెబ్బకు తలుపు మూయబడును. మూడు ఆదివారాలు తలుపు బయట మిగిలినవారికి ప్రభువు రాత్రి భోజనపు బల్లలో భాగం లేదు. ఇలా పదకొండు. బాలనర్సయ్యకు చదువు రాదు. సంఘంలో నాలుగక్షరాలు వచ్చిన సాయిలు చేత అన్నీ చదివించుకుని, తల ఊపుతూ విన్నాడు.

"మంచిగున్నయి సారూ. కొసరేది?"

"పదకొండే. కొసరు లేదు."

"గంత పెద్ద గోడకా!" అని బాలనర్సయ్య నిజంగానే బాధపడ్డాడు.

ఆ నియమాలకు మొదట దొరికింది కిష్టమ్మ. పటేలు కొట్టంలో పెంటెత్తే మనిషి. ఇరవై రెండు పశువుల కింద శుభ్రం చేస్తేగాని పొద్దున కదలనివ్వరు. ఆదివారమని ఆవులకు తెలుస్తుందా? బాప్తిస్మం తీసుకుని ఏడాదయింది. మొదటిసారి ప్రభువు రాత్రి భోజనంలో రొట్టెకు చెయ్యి చాచాలని, అది పంచే అయ్యగారు పట్నం నుంచి ఎప్పుడొస్తారా అని ఎదురుచూస్తోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బాలనర్సయ్య చలిజ్వరంతో మంచాన పడ్డాడు. రెండు ఆదివారాలు పంతులే గంట కొట్టాడు. పన్నెండంటే పన్నెండు. రెండుసార్లూ కిష్టమ్మ వచ్చేసరికి తలుపు మూసి ఉంది. గడప అవతల కూర్చుని, లోపల వాళ్ళు పాడుతున్న పాటే బయట పాడుకుని వెళ్ళిపోయింది.

ఆ తరువాత అయ్యగారి కబురొచ్చింది, వచ్చే నెల మొదటి ఆదివారం వస్తున్నామని. మధ్యలో మిగిలింది ఒకే ఆదివారం. అదీ తప్పితే మూడు.

"సారూ, నేను చీకటితోనే లేస్త," అంది కిష్టమ్మ. "ఆవులు లేవొద్దా?"

"నియమం అందరికీ ఒకటేనమ్మా" అన్నాడు పంతులు. చెడ్డవాడు కాదు. ఆ మాట అన్న రోజు అన్నం సరిగా తినలేదు కూడా. కాని ఒకరికి సడలిస్తే పదిమందికి సడలించాలి కదా, అనుకున్నాడు.

ఆ ఆదివారం బాలనర్సయ్య జ్వరం నుంచి లేచి, కర్ర పట్టుకుని గుడి పక్కనున్న గుండు ఎక్కాడు. గంటంటే గంట కాదు. గుండు మీద పాతిన గుంజకు వేలాడే రైలు పట్టా ముక్క, పక్కన ఒక సుత్తి. పంతులు కింద తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"గట్టిగా లెక్క చెబుతూ కొట్టు. పన్నెండుకు తలుపు మూస్తాను. కొసరు మాట ఎత్తావంటే చూడు!"

"మంచిది సారూ," అన్నాడు బాలనర్సయ్య. దూరంగా చెరువు కట్ట వైపు ఒకసారి చూసి సుత్తి ఎత్తాడు. "లాభం!" ఠంగ్.

"లాభమేమిటయ్యా?"

"ఒకటే సారూ. కల్లంల ఒకటి అనరు, లాభం అంటరు."

"ఇది కల్లం కాదు. ఒకటి అను. మొదటినుంచి కొట్టు."

"మీరే అన్నరు మరి," అని మొదటినుంచి మొదలుపెట్టాడు. దెబ్బకూ దెబ్బకూ నడుమ దగ్గాడు, తలగుడ్డ సర్దుకున్నాడు. ఎంత సర్దుకున్నా ఆరు వచ్చేసింది. తరువాత, "ఆరున్నొకటి!" ఠంగ్.

"అదేమిటి మళ్ళీ?"

"ఆ అంకె పేరు తియ్యొద్దు సారూ. తీస్తే ఏడుపొస్తదని ధాన్యం కాడ ఎవరూ అనరు."

"మూఢనమ్మకం! దేవుని మందిరంలో అవేమీ చెల్లవు. ఏడు!"

"నన్నేనా సారూ?"

"నిన్నే! ఏడు!"

బాలనర్సయ్య సుత్తి కింద పెట్టాడు. గుండు మీద చతికిలబడి, తలగుడ్డ మొహాన కప్పుకుని, బోరుమన్నాడు.

గుడిలో ఉన్నవాళ్ళంతా బయటికి ఉరికారు. భాగ్యమ్మ గుండె బాదుకుంటూ వచ్చింది. "ఓ అయ్యో, ఏమాయెనే! జొరం మల్ల తిరగబెట్టెనా?"

"సారు ఏడు అన్నడే!" అని తలగుడ్డ లోపలి నుంచే చెప్పాడు బాలనర్సయ్య. "పెద్దల మాట కాదంటనా? ఏడుస్తున్న."

"ముసలోన్ని ఏడిపిస్తరా సారూ?" అన్నాడు సాయిలు.

పంతులు తలుపు వదలకుండానే కేక వేశాడు. "నేనన్నది అంకెనయ్యా! ఇక ఆపు!"

"ఏడుపు అయిపోయింది సారూ. కొసరుంది."

ఆ కొసరు అసలు కంటే పెద్దది. ఏడు అయింది, ఎనిమిది కాలేదు. పన్నెండు కానిదే తలుపు మూసే నియమం లేదు. పంతులు తాను రాసిన నియమానికి తానే కట్టుబడి తలుపు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఆ గోలలో ఎవరో వగరుస్తూ గుండు పక్కనుంచి వచ్చారు. కాళ్ళు కడుక్కున్నారు. పంతులు పక్కనుంచే తల వంచుకుని లోపలికి వెళ్ళి కూర్చున్నారు. కిష్టమ్మ.

ఏడుపు టక్కున ఆగింది. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు ఒక్క ఊపున మోగాయి. దిగి వచ్చిన బాలనర్సయ్య కళ్ళు ఎండు చెరువులా పొడిగా ఉన్నాయి.

ఆరాధన అయ్యాక పంతులు ఎవరితోనూ మాట్లాడకుండా గుండెక్కాడు. గంట కొట్టిన రెండుసార్లూ లెక్క తప్ప ఏదీ పట్టలేదు; అక్కడ నిలబడి చుట్టూ చూడడం అతనికి అదే మొదలు. పట్టా ముక్క దగ్గర నిలబడితే పటేలు కొట్టం కనిపించింది. చెరువు కట్ట మీది బాట, సాయిలు గుడిసె, ముసలమ్మలు ఆగి ఆగి నడిచే ఏటవాలు, అన్నీ అరచేతిలో గీతల్లా కనిపించాయి. వెనక్కి తిరిగితే ఉత్తరాన, గుండ్ల నడుమ మెలికలు తిరుగుతూ కూకట్‌పల్లి నుంచి వచ్చే తొవ్వ. పంతులు ఆ తొవ్వను చాలాసేపు చూశాడు.

కిందికి వచ్చి మెల్లగా అడిగాడు. "నేను వచ్చిన రోజు ఎన్ని కొట్టావు బాలనర్సయ్యా?"

"నలభై ఒకటి సారూ. పెట్టె నెత్తిన పెట్టుకుని అదే గుండు చుట్టు రెండు మాట్ల తిరిగిన్రు. పాపం, తొవ్వ దొరకలే."

"నేనెవరో నీకు తెలియదు కదయ్యా."

"తెల్వాలెనా?" అన్నాడు బాలనర్సయ్య.

పంతులుకు దారి చూపిన గంటలో పన్నెండు మాత్రమే నియమం. ఆ తరువాత మోగిన ఇరవై తొమ్మిదీ కృప.

మొదటి ఆదివారం అయ్యగారు పట్నం నుంచి వచ్చారు. బల్ల మీద రొట్టె, గిన్నె సర్దారు. గుండు మీద గంట మోగుతోంది. పంతులు గడప దగ్గర నిలబడి పన్నెండు దాకా లెక్కపెట్టాడు. చెరువు కట్ట మీద ఇంకా ఎవరూ లేరు. వంగి, పెద్ద రాయి ఒకటి తెచ్చి తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టి, లోపలికి వెళ్ళాడు.

ఆ రోజు గంట ఇరవై ఆరు కొట్టింది. ఇరవై ఆరో దెబ్బకు కిష్టమ్మ కాళ్ళు కడుక్కుంటోంది.