బీడీల చాట, నర్సవ్వ నడుము

1993 జూన్‌లో నిజామాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఎముకల డాక్టరు చీటీలో ఏది రాస్తే అది చేయడమే నా ఉద్యోగం: నడుముకు కాపడం, లేదంటే బరువులు కట్టి లాగే ట్రాక్షన్. రోగిని ప్రశ్నలడిగే హోదా నాది కాదన్నట్టే చూసేవారు.

ఆ చలికాలం మాక్లూర్ నుంచి నర్సవ్వ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, బీడీలు చుడుతుంది. ఆరేళ్లుగా నడుము నొప్పి. ఎక్స్‌రేలో ఏ లోపమూ లేదు. చివరి చీటీలో డాక్టరు "నొప్పి మానసికం" అని రాశారు. అది చదివి నాకు ఒళ్లు మండింది. పనిచేసేటప్పుడు ఎలా కూర్చుంటావో చూపించమన్నాను. నేలమీద కాళ్లు చాపి, ఒళ్లో ఆకూ తంబాకూ పెట్టుకునే చాట ఉన్నట్టు మెడ వేలాడేసి, వీపంతా వంచి కూర్చుంది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా అంతేనట.

"ఆరేండ్ల సంది సూదులే ఇస్తున్నరు సార్. ఎట్ల కూసుంటవని ఒక్కలన్న అడగలే," అంది.

వారానికోసారి రమ్మన్నాను. మడిచిన గోనెసంచి మీద గోడకు ఆనుకుని కూర్చోవడం, చాట కింద దిండు పెట్టి చేతుల్ని పైకి తెచ్చుకోవడం, రెండు కట్టలు చుట్టగానే లేచి నాలుగడుగులు వేయడం, బిందె ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచడం నేర్పాను. మొదట్లో చేతి వేగం తగ్గిందని విసుక్కుంది. మూడు నెలలకు, నొప్పి పూర్తిగా పోలేదుగానీ నిద్రపడుతోందని చెప్పింది.

తర్వాత తన వాడకట్టు ఆడవాళ్లు నలుగురిని చాటలతో సహా వెంట తెచ్చింది. వాళ్లకు నేర్పుతుండగా డాక్టరు వచ్చారు. ఇది ఆసుపత్రా, బీడీల కార్ఖానానా అని అందరి ముందూ నన్ను నిలదీశారు. వాళ్లు తలలు దించుకుని చాటలు ఎత్తుకున్నారు. నర్సవ్వ మాత్రం లేవలేదు.

"నాకు జర నయమైంది ఈడనే సార్. ఈళ్లకు గూడ నేర్పనియ్యుండ్రి," అంది.

డాక్టరు ఆమె వైపు చూడనైనా చూడలేదు. చీటీలో లేని పని చేయరాదని మర్నాడు నాకు మెమో వచ్చింది. అనుమతి కోరుతూ రెండుసార్లు రాశాను, జవాబు లేదు. ఇక ఆదివారాలు బస్సెక్కి మాక్లూర్ పోయి నర్సవ్వ ఇంటి ముందే నేర్పాను. ముగ్గురు నిలకడగా నేర్చుకున్నారు. నాలుగో ఆమె మళ్లీ సూదులకే పోయింది.

ఎక్స్‌రేలో కనిపించనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదని నాకు తెలిసింది అక్కడే. మనిషి పనిచేసే తీరు చూడకుండా నొప్పిని మనసుకు అంటగట్టడం వైద్యుడి బద్ధకం. ఆ మాట నేను సర్వీసులో ఉండగానే పైకి అనవలసింది.